‘ఇఫ్ ఐ వాజ్’ అనాలా, ‘ఇఫ్ ఐ వర్’ అనాలా? షరతు వాక్యాల్లో భూతకాలం చేసే పని

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. ఉద్యోగ దరఖాస్తులో మీరు ‘ఇఫ్ ఐ వాజ్ సెలెక్టెడ్, ఐ వుడ్ జాయిన్ ఇమ్మీడియట్లీ’ అని రాస్తే ఒక మిత్రుడు ‘వాజ్’ కొట్టివేసి ‘వర్’ అని దిద్దారు. మరొకరు ఆ రెండూ కాదు, అక్కడ ‘యామ్’ ఉండాలన్నారు. దానితోపాటు ‘ఐ సజెస్ట్ దట్ హి గో’ అన్న వాక్యంలో ‘గోస్’ ఎందుకు లేదనీ, ‘హ్యాడ్ ఐ నోన్’ అన్నది ప్రశ్న కాకపోయినా ప్రశ్నలా ఎందుకు మొదలవుతుందనీ అడిగారు.

మీ దరఖాస్తు వరకు రెండోవారు చెప్పిందే సరైనది: ‘ఇఫ్ ఐ యామ్ సెలెక్టెడ్, ఐ విల్ జాయిన్ ఇమ్మీడియట్లీ’. మొదటి మిత్రుడి దిద్దుబాటు వ్యాకరణరీత్యా తప్పు కాదు. కాని ‘ఇఫ్ ఐ వర్ సెలెక్టెడ్, ఐ వుడ్ జాయిన్’ అన్నప్పుడు, ఎంపికవుతానన్న నమ్మకం రాసేవారికే పెద్దగా లేదన్న ధ్వని వినిపిస్తుంది. వినయంగా ఉందని కొందరు దాన్ని ఇష్టపడతారు. నా మటుకు నేను దరఖాస్తులో దాన్ని రాయనివ్వను. మీ మిగిలిన సందేహాలకు కూడా తాళంచెవి ఒక్కటే: ‘ఇఫ్’ తర్వాత కనిపించే ఆ భూతకాల రూపం చాలాచోట్ల గడిచిన కాలాన్ని చెప్పదు, చెబుతున్న సంగతి వాస్తవానికి ఎంత దూరంలో ఉందో చెబుతుంది.

ఇది ఇంగ్లీషువారి వింత అలవాటని అనుకోనవసరం లేదు. నేను పెద్దవాళ్లకు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ఈ పాఠాన్ని, ‘ఇఫ్’ వాక్యాలను మూడు రకాలుగా విడగొట్టే ఫస్ట్ కండిషనల్, సెకండ్ కండిషనల్, థర్డ్ కండిషనల్ అన్న మూడు సూత్రాలతోనే మొదలుపెట్టేవాణ్ణి. సూత్రాలను అందరూ అప్పజెప్పేవారు. మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరి నోటా అవి వచ్చేవి కావు. తర్వాత తెలుగు వాక్యాలతో మొదలుపెట్టి చూశాను, పని సులువైంది.

‘తీరిక ఉంటే వస్తాను’, ‘తీరిక ఉంటే వచ్చేవాణ్ణి’. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో తీరిక దొరకవచ్చు, దొరకకపోవచ్చు. రెండోదాంట్లో ‘లేదు’ అన్న మాట ఎక్కడా లేకపోయినా తీరిక లేదన్న సంగతి వినేవారికి తెలిసిపోతుంది. ఆ సంగతి చెప్పింది ‘ఉంటే’ కాదు, అది రెండు వాక్యాల్లోనూ ఒక్కటే, చెప్పింది ‘వచ్చేవాణ్ణి’. మరి ఈ ‘వచ్చేవాణ్ణి’ మామూలుగా ఎక్కడ వాడతాం? ‘చిన్నప్పుడు ఇక్కడికి రోజూ వచ్చేవాణ్ణి’ అని గడిచిన కాలపు అలవాటును చెప్పడానికి. అంటే గతంలోని అలవాటుకు, జరగని ఊహకు తెలుగు ఒకే రూపాన్ని వాడుకుంటోంది. ఇంగ్లీషులో ‘వుడ్’ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. ‘హి వుడ్ కమ్ ఎవ్రీ డే’ అంటే రోజూ వచ్చేవాడు. ‘హి వుడ్ కమ్ ఇఫ్ హి హ్యాడ్ టైమ్’ అంటే తీరిక ఉంటే వచ్చేవాడు. ఈ పోలికను బల్ల మీద రాసి చూపించినప్పుడల్లా వెనక బెంచీలో ఎవరో ఒకరు నిటారుగా కూర్చుంటారు.

తేడా ఎక్కడ ఉందంటే, మన ‘తే’ కాలం ఎరగదు. ‘వస్తే’, ‘ఉంటే’, ‘చేస్తే’ అన్న రూపాలు నిజమైన షరతుకూ పనికివస్తాయి, ఊహకూ పనికివస్తాయి. దూరమంతా ప్రధాన క్రియ మీదే పడుతుంది. ఇంగ్లీషు ఆ దూరాన్ని వాక్యం రెండు భాగాల్లోనూ చూపించాలంటుంది. మనవాళ్ల తప్పులు ఎక్కువగా ఈ సందులోనే పుడతాయి: ప్రధాన వాక్యంలో ‘వుడ్’ సరిగ్గానే పెట్టి, ‘ఇఫ్’ వైపు మాత్రం ‘తే’ లాగే కదలకుండా వదిలేసి, ‘ఇఫ్ ఐ హ్యావ్ టైమ్, ఐ వుడ్ కమ్’ అంటారు. ఇంకొక సంగతి, మన వ్యాకరణంలో ఈ ‘తే’ను చేదర్థకం అంటారు. పాత తెలుగులో అది ‘అడిగిన చెప్పెదను’ అన్న తీరులో ఉండేది. ఆ ‘అడిగిన’ చూడటానికి ‘అడిగిన ప్రశ్న’లోని భూతకాల రూపంలాగే ఉంటుంది. షరతుకూ గతానికీ ఉన్న ఈ చుట్టరికం మనకు కొత్తది కాదు.

ఇప్పుడు దూరాన్ని మెట్లుగా చూద్దాం. మెట్టు దిగడమంటే క్రియారూపాన్ని ఒక కాలం వెనక్కి జరపడం. ఈ రోజో రేపో నిజంగా జరగగల సంగతి అయితే మెట్టు దిగనవసరం లేదు: ‘ఇఫ్ షి కాల్స్, ఐ విల్ టెల్ హర్’, ఆమె ఫోన్ చేస్తే చెబుతాను. ఇప్పుడు లేనిదాన్ని, జరుగుతుందన్న నమ్మకం లేనిదాన్ని ఊహిస్తే ఒక మెట్టు దిగాలి: ‘ఇఫ్ ఐ న్యూ హర్ నంబర్, ఐ వుడ్ కాల్ హర్’, నంబరు తెలిస్తే ఫోన్ చేసేవాణ్ణి, కాని తెలియదు. ఇక్కడ ‘న్యూ’ అన్నది నిన్నటి సంగతి కాదు, ఈ క్షణం సంగతి. గడిచిపోయినదాన్ని మరోలా ఊహిస్తే ఇంకొక మెట్టు దిగాలి: ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్ హర్ నంబర్, ఐ వుడ్ హ్యావ్ కాల్డ్ హర్’, నంబరు తెలిసి ఉంటే ఫోన్ చేసి ఉండేవాణ్ణి. గతం కావడానికి ఒక మెట్టు, అవాస్తవం కావడానికి ఒక మెట్టు. అందుకే అక్కడ ‘హ్యాడ్’ వచ్చి చేరింది. తెలుగులో ‘ఉండి ఉంటే’, ‘చేసి ఉండేవాణ్ణి’ అని ‘ఉండు’ను అదనంగా చేర్చేది కూడా ఇందుకే. కాని మనం దాన్ని తప్పనిసరిగా చేర్చం, ‘నిన్న చెబితే వచ్చేవాణ్ణి కదా’ అని సరిపెట్టుకుంటాం. ఇంగ్లీషు అలా సరిపెట్టుకోనివ్వదు.

భూతకాలాన్ని కాలంగానే వింటే ఏమవుతుందో నా దగ్గర చదువుకున్న ఒకాయన అనుభవం చెబుతుంది. ఇంటర్వ్యూలో ఆయన్ను ‘ఇఫ్ వి ఆఫర్డ్ యు ది జాబ్, వెన్ వుడ్ యు జాయిన్’ అని అడిగారు. ఆయన ‘ఆఫర్డ్’ అన్న మాటను పట్టుకుని, తనకు ఇంతకుముందు ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదనీ, ఇదే మొదటిసారి వచ్చాననీ వివరంగా సమాధానం చెప్పారు. వాళ్లు అడిగింది చాలా చిన్న విషయం: ఒకవేళ మేం ఉద్యోగం ఇస్తామనుకుందాం, ఎప్పుడు చేరతారు? ‘ఆఫర్’ అనకుండా ‘ఆఫర్డ్’ అనడంలో వాళ్ల జాగ్రత్త ఉంది. ‘ఇఫ్ వి ఆఫర్’ అంటే ఇచ్చే ఆలోచన ఉన్నట్టు వినిపిస్తుంది. ‘ఆఫర్డ్’ అనేసరికి అది ఊహగానే మిగిలింది, వాళ్ల చేయి ఎక్కడా చిక్కుకోలేదు.

ఈ దూరం మర్యాదకు కూడా పనికివస్తుంది. ‘ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సమ్‌థింగ్’ అన్న మనిషి అడగాలనుకుంటున్నది ఇప్పుడే. ‘వాంటెడ్’ అనడంతో కోరిక ఒక అడుగు వెనక్కి జరిగి, ఎదుటివారికి కాదనడానికి కాస్త చోటు దొరికింది. మనం ‘మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నాను’ అనడం లేదా? అదీ భూతకాలమే, అడిగేదీ ఇప్పుడే. ‘కుడ్ యు’, ‘వుడ్ యు’ అన్న మర్యాద రూపాలన్నీ ఈ కోవలోవే.

ఇక ‘వాజ్’, ‘వర్’ తగాదా. పాత ఇంగ్లీషులో క్రియలన్నిటికీ సబ్‌జంక్టివ్‌కు, అంటే ఊహనో కోరికనో చెప్పే క్రియారూపానికి, వేరే ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో చివరి అక్షరాలు అరిగిపోవడంతో అవి మామూలు రూపాల్లో కలిసిపోయాయి. ‘ఇఫ్ ఐ న్యూ’ అన్నప్పుడు ఆ ‘న్యూ’ సబ్‌జంక్టివా, మామూలు భూతకాలమా అని రూపాన్ని బట్టి ఎవరూ చెప్పలేరు. ఒక్క ‘బి’ క్రియలో మాత్రం, అదీ ఐ, హి, షి, ఇట్ అన్న కర్తల దగ్గర మాత్రమే, తేడా మిగిలింది: వాస్తవానికి ‘వాజ్’, ఊహకు ‘వర్’. హడిల్‌స్టన్, పుల్లమ్ అన్న భాషాశాస్త్రవేత్తలు 2002లో వెలువరించిన కేంబ్రిడ్జ్ ఇంగ్లీషు వ్యాకరణం దీన్ని సబ్‌జంక్టివ్ అని కూడా పిలవదు. ‘ఇర్రియాలిస్ వర్’, అంటే అవాస్తవాన్ని చెప్పే ‘వర్’, అని వేరే పేరు పెట్టి పక్కన కూర్చోబెట్టింది. పేరు ఏదైనా, ఇంత గొడవా జరుగుతున్నది ఒకే ఒక్క క్రియ తాలూకు ఒకే ఒక్క రూపం గురించి.

నేను పాటించే పద్ధతి ఇది. రాతలో, పరీక్షల్లో, అధికారిక ఉత్తరాల్లో ఊహకు ‘వర్’ రాయండి: ‘ఇఫ్ హి వర్ హియర్, హి వుడ్ అగ్రీ’. మాటల్లో ‘ఇఫ్ హి వాజ్ హియర్’ అని ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారిలో కోట్ల మంది అంటారు, దాన్ని దిద్దబోవడం వృథా. ‘ఇఫ్ ఐ వర్ యు’ మాత్రం నుడికారంలా స్థిరపడిపోయింది, అక్కడ మాటల్లో కూడా ‘వర్’ అనడమే మంచిది.

‘ఇఫ్’ కనిపించిన ప్రతిచోటా ‘వర్’ పెట్టడం మాత్రం అసలు తప్పుకన్నా పెద్ద తప్పు. ‘వర్’ గొప్పదని కొత్తగా నేర్చుకున్నవారు దాన్ని అన్నిచోట్లా అతికిస్తారు. ‘నిన్న సమావేశంలో అతను ఉంటే, ఈ నిర్ణయం వినే ఉంటాడు’ అన్న వాక్యం చూడండి. అతను ఉన్నాడో లేడో నాకు తెలియదు, అంతే. లేడని నేను అనడం లేదు. దీనికి ‘ఇఫ్ హి వాజ్ ఎట్ ది మీటింగ్ యెస్టర్‌డే, హి హర్డ్ ది డెసిషన్’ అన్నదే సరి. ఇక్కడ ‘వాజ్’ నిజంగానే నిన్నటిది. అలాగే ‘అతనికి ఒంట్లో బాగాలేదా అని అడిగాను’ అనడానికి ‘ఐ ఆస్క్‌డ్ ఇఫ్ హి వాజ్ ఇల్’ అనాలి. ఆ ‘ఇఫ్’ షరతు కానే కాదు, ‘అవునా, కాదా’ అని అడిగే ‘వెదర్’కు బదులు వచ్చిన మాట. దాని పక్కన ‘వర్’ పెట్టిన వాక్యాలు బాగా చదువుకున్నవారి రాతల్లోనే నాకు ఎక్కువగా కనిపిస్తాయి.

మన ‘తే’ వల్ల వచ్చే ఇంకొక చిక్కు ఉంది, దాని గురించి పుస్తకాలు పెద్దగా చెప్పవు. ‘నేను వెళితే అతను లేడు’ అంటాం. రూపం షరతుది, అర్థం మాత్రం నిజంగా జరిగిన సంగతిది: నేను వెళ్లాను, వెళ్లేసరికి అతను లేడు. దీన్ని ‘ఇఫ్ ఐ వెంట్, హి వాజ్ నాట్ దేర్’ అని రాస్తే ఇంగ్లీషు పాఠకుడు ‘వెళ్లిన ప్రతిసారీ ఉండేవాడు కాదు’ అని అర్థం చేసుకుంటాడు. ఇక్కడ ‘వెన్ ఐ వెంట్’ అనాలి. కాబట్టి ‘తే’ కనిపించగానే ‘ఇఫ్’ అని అనువదించకండి. అది షరతా, సమయమా అని ముందు తేల్చుకోండి. ‘తెల్లవారితే బయలుదేరదాం’ అన్నప్పుడు తెల్లవారడం మీద ఎవరికీ అనుమానం లేదు, అది కూడా ‘వెన్’. ‘నువ్వు వచ్చావంటే పని అయిపోతుంది’ అన్న తీరు వాక్యాల నుంచి పుట్టినదే ‘యు కమ్ మీన్స్’ అన్న ప్రయోగం. మాటల్లో మనలో మనకు అది అర్థమవుతుంది గాని, ‘ఇఫ్’ చేయాల్సిన పనిని ‘మీన్స్’ చేయలేదు.

‘ఇఫ్’ తర్వాత ‘విల్’ రాకూడదన్న నియమం మీరు చదివే ఉంటారు. నూటికి తొంభై సందర్భాల్లో అది నిజం: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అనాలి, ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనకూడదు. మన ‘వాన పడితే’లో కూడా భవిష్యత్తు గుర్తు లేదు కనుక ఇది మనకు కష్టం కాకూడదు. కాని ‘విల్’ భవిష్యత్తును కాక ఇష్టాన్ని, సమ్మతిని చెప్పినప్పుడు ‘ఇఫ్’ పక్కన నిక్షేపంగా వస్తుంది: ‘ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మొమెంట్, ఐ విల్ చెక్’. కాస్త ఆగగలిగితే చూసి చెబుతాను అని దాని భావం.

‘వుడ్’ గురించి ఒక ఫిర్యాదు నాకు చాలాకాలంగా ఉంది. ‘విల్’ కన్నా ‘వుడ్’ మర్యాదైనదని ఎవరు చెప్పారో తెలియదు గాని, ఆఫీసు ఈమెయిళ్లలో ‘ఐ వుడ్ బి సబ్మిటింగ్ ది రిపోర్ట్ టుమారో’ అన్న వాక్యం వారానికి నాలుగుసార్లు చూస్తాను. రాసినవారి ఉద్దేశం ‘రేపు ఇస్తాను’ అని. చదివినవారికి వినిపించేది ‘రేపు ఇచ్చేవాణ్ణే, కాని…’ అని. ఆ ‘కాని’ కోసం వాళ్లు తర్వాతి వాక్యంలో వెతుక్కుంటారు. ఇచ్చిన మాటకు ‘విల్’, ఊహకు ‘వుడ్’. అడిగేటప్పుడు మర్యాదగా వినిపించే ‘వుడ్’, మాట ఇచ్చేటప్పుడు దాటవేతలా వినిపిస్తుంది.

మీ రెండో ప్రశ్న: ‘ఐ సజెస్ట్ దట్ హి గో’. ఇది అసలైన సబ్‌జంక్టివ్. ఇక్కడ వచ్చేది భూతకాలం కాదు, ఏ ప్రత్యయమూ లేని ధాతువు. ఇన్‌సిస్ట్, డిమాండ్, రికమెండ్, ప్రపోజ్, రిక్వైర్, రిక్వెస్ట్, ఆర్డర్ వంటి క్రియల తర్వాత, ‘ఇట్ ఈజ్ ఎసెన్షియల్’, ‘ఇట్ ఈజ్ వైటల్’ వంటి మాటల తర్వాత, ఇంకా జరగని, జరగాలని కోరుకునే పనిని చెప్పే ఉపవాక్యంలో ఇది వస్తుంది. కర్త ఎవరైనా రూపం మారదు: ‘దట్ హి గో’, ‘దట్ షి బి ఇన్ఫార్మ్‌డ్’. వ్యతిరేకార్థానికి ‘డు’ సాయం కూడా అక్కరలేదు: ‘దట్ హి నాట్ గో’. ప్రధాన క్రియ భూతకాలంలో ఉన్నా ఇది కదలదు: ‘దె డిమాండెడ్ దట్ హి రిజైన్’. అమెరికన్ ఇంగ్లీషులో ఈ రూపం బలంగా వాడుకలో ఉంది. బ్రిటిష్ ఇంగ్లీషులో ‘దట్ హి షుడ్ గో’ అనేవారు చాలామంది, ‘దట్ హి గోస్’ అని కూడా అక్కడ వినిపిస్తుంది. ఎటూ తేల్చుకోలేకపోతే ‘షుడ్’ పెట్టి రాసినా తప్పు లేదు.

ఈ క్రియల్లో రెండు మాత్రం రెండు ముఖాలవి: ‘సజెస్ట్’, ‘ఇన్‌సిస్ట్’. ‘ది ఫుట్‌ప్రింట్స్ సజెస్ట్ దట్ హి వెంట్ అవుట్’ అంటే పాదముద్రలను బట్టి అతను బయటికి వెళ్లాడని తెలుస్తోందని. అక్కడ ‘గో’ అనకూడదు, ఎందుకంటే పాదముద్రలు ఎవరికీ సలహా ఇవ్వవు. ఈ తేడా పట్టుకోవడానికి మన దగ్గరే ఒక గీటురాయి ఉంది. తెలుగు వాక్యంలో ‘ఆలని’ గాని ‘మని’ గాని వస్తే ఇంగ్లీషులో ధాతువు. ‘డని’, ‘ందని’ వంటివి వస్తే మామూలు కాలం. ‘ఆమె నిజం చెప్పాలని పట్టుబట్టాడు’ అంటే ‘హి ఇన్‌సిస్టెడ్ దట్ షి టెల్ ది ట్రూత్’. ‘ఆమె నిజం చెప్పిందని పట్టుబట్టాడు’ అంటే ‘హి ఇన్‌సిస్టెడ్ దట్ షి టోల్డ్ ది ట్రూత్’, లేదా ఇంకా స్పష్టంగా ‘హ్యాడ్ టోల్డ్’. మొదటిది ఆజ్ఞ, రెండోది వాదన.

ఈ తేడా ఎంత దూరం పోతుందో ఒకసారి దగ్గరగా చూశాను. ఒక సంస్థ సమావేశపు కార్యవివరాలను నా చేత ఇంగ్లీషులో సరిచూయించారు. తెలుగు ప్రతిలో ‘లెక్కలు సరిచూడాలని అధ్యక్షులు పట్టుబట్టారు’ అని ఉంది. అనువాదంలో ‘ది చెయిర్మన్ ఇన్‌సిస్టెడ్ దట్ ది అకౌంట్స్ వర్ చెక్డ్’ అని వచ్చింది. బ్రిటిష్ వాడుకలో దీన్ని ‘సరిచూడాలని’ అన్న అర్థంలో కూడా చదవవచ్చు, అనువాదకుడు అలాగే అనుకుని ఉండవచ్చు. కాని ఈ వాక్యాన్ని మామూలుగా చదివితే, లెక్కలు సరిచూసేశారని అధ్యక్షులు గట్టిగా చెప్పినట్టు ఉంది. సరిచూడని లెక్కలకు ఆయన హామీ ఇచ్చినట్టయింది. ‘వర్’ తీసి ‘బి’ పెట్టాను: ‘దట్ ది అకౌంట్స్ బి చెక్డ్’. అంతకుముందు సంవత్సరం ప్రతిని తిరగేస్తే అందులో కూడా ఇదే పొరపాటు ఉంది, ఎవరూ గమనించలేదు.

సందర్భం వచ్చింది గనుక ఇదొకటి: ‘హి సజెస్టెడ్ మి టు గో’ అన్నది తప్పు. ‘నన్ను వెళ్లమని సూచించాడు’ అన్న తెలుగు వాక్యం నుంచి ‘నన్ను’ వచ్చి అక్కడ కూర్చుంది. ‘అడ్వైజ్’, ‘టెల్’, ‘ఆస్క్’ ఆ ‘మి’ని భరిస్తాయి, ‘సజెస్ట్’ భరించదు. ‘హి సజెస్టెడ్ దట్ ఐ గో’ అనండి.

ఇదే ధాతురూపం కొన్ని నిలవ మాటల్లో కూడా మిగిలి ఉంది: ‘లాంగ్ లివ్’, ‘గాడ్ బ్లెస్ యు’, ‘కమ్ వాట్ మే’, ‘బి దట్ యాజ్ ఇట్ మే’, ‘ఇఫ్ నీడ్ బి’. మన ‘వర్ధిల్లుగాక’ వంటి ఆశీరర్థకాలకు ఇవి తోబుట్టువులు. ‘గాడ్ బ్లెస్ యు’లో ‘బ్లెసెస్’ ఎందుకు లేదంటే అది ‘దీవిస్తాడు’ కాదు, ‘దీవించుగాక’. వీటిని ముక్కలు చేయకుండా మొత్తంగా గుర్తుపెట్టుకుంటే చాలు.

‘విష్’ దగ్గర మళ్లీ మెట్ల సూత్రమే పనిచేస్తుంది, మన ‘బాగుండు’, ‘బాగుండేది’ దానికి చక్కగా సరిపోతాయి. ‘నాకు ఆ భాష వస్తే బాగుండు’ అంటే రాదని. ‘ఐ విష్ ఐ న్యూ దట్ లాంగ్వేజ్’. ‘నువ్వు ముందే చెప్పి ఉంటే బాగుండేది’ అంటే చెప్పలేదని. ‘ఐ విష్ యు హ్యాడ్ టోల్డ్ మి’. ‘ఈ వాన ఆగితే బాగుండు’ అంటే విసుగు. అక్కడ ‘వుడ్’ వస్తుంది, ‘ఐ విష్ ది రెయిన్ వుడ్ స్టాప్’. ఈ ‘వుడ్’ మన చేతిలో లేనివాటి గురించి, ఎదుటివారి మొండితనం గురించి అనేది. మన గురించి మనం ‘ఐ విష్ ఐ వుడ్’ అని మామూలుగా అనం. ‘నువ్వు పాసవ్వాలని కోరుకుంటున్నాను’ అనడానికి ‘ఐ విష్ యు విల్ పాస్’ అని రాసేవారు చాలామంది ఉన్నారు. జరగగల కోరికకు ‘హోప్’ వాడాలి: ‘ఐ హోప్ యు పాస్’. ‘విష్’ తర్వాత వాక్యం వచ్చిందంటే అది చాలావరకు లేనిదాని గురించిన చింతే. ‘ఇట్ ఈజ్ టైమ్ వి లెఫ్ట్’, ‘ఐ వుడ్ రాదర్ యు డిడ్ నాట్ టెల్ హిమ్’ అన్నవాటిలో ‘లెఫ్ట్’, ‘డిడ్’ కూడా ఇంకా జరగని పనులకే వచ్చిన భూతకాలాలు.

మూడు సూత్రాలు నేర్చుకున్నవారు తడబడేచోటు ఒకటుంది. షరతు గతంలోనూ ఫలితం ఇప్పుడూ ఉండవచ్చు: ‘ఇఫ్ ఐ హ్యాడ్ స్టడీడ్ మెడిసిన్, ఐ వుడ్ బి ఎ డాక్టర్ నౌ’. తిరగేసి కూడా ఉండవచ్చు: ‘ఇఫ్ ఐ వర్ కేర్‌ఫుల్, ఐ వుడ్ నాట్ హ్యావ్ సైన్డ్ ఇట్’, నేను జాగ్రత్తపరుణ్ణే అయితే దాని మీద సంతకం చేసి ఉండేవాణ్ణి కాదు. సూత్రాల నంబర్లను పట్టుకుంటే ఇవి ఏ గూటిలోనూ ఇమడవు. ప్రతి భాగానికీ దాని కాలాన్ని, దాని దూరాన్ని విడిగా లెక్కపెట్టుకుంటే ఇబ్బందే లేదు. ‘ఇఫ్ యు హ్యావ్ ఫినిష్డ్, యు కెన్ గో’ అన్నది కూడా ఏ నంబరూ లేని నిజమైన షరతే, అందులో తప్పేమీ లేదు.

‘అన్‌లెస్’లో వ్యతిరేకార్థం ముందే ఉంది కనుక ‘అన్‌లెస్ యు డోంట్ కమ్’ అనకండి. ‘ఇన్ కేస్’ వేరు, ‘ఇఫ్’ వేరు: ‘వాన పడుతుందేమోనని గొడుగు తీసుకెళతాను’ అంటే ‘ఇన్ కేస్ ఇట్ రెయిన్స్’, ‘వాన పడితే తీసుకెళతాను’ అంటే ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’. మొదటి మనిషి దగ్గర వాన పడకపోయినా గొడుగు ఉంటుంది.

వినేటప్పుడు పొరపడే ఒక చోటు చెప్పి మీ చివరి ప్రశ్నకు వస్తాను. మాటల్లో ‘ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ హ్యావ్ కమ్’ అంటారు. రెండు ‘ఐడ్’లూ చెవికి ఒకేలా ఉన్నా మొదటిది ‘ఐ హ్యాడ్’, రెండోది ‘ఐ వుడ్’. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల ‘ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్’ అన్న రూపం వస్తుంది. అమెరికాలో మాటల్లో అది బాగానే వినిపిస్తుంది, అయినా రాతలో దాన్ని తప్పుగానే ఎంచుతారు. మాట్లాడేవారు చెప్పింది విని అలాగే రాసేవారు ఇక్కడే దొరికిపోతారు.

‘హ్యాడ్ ఐ నోన్’లో ‘ఇఫ్’ను తీసేసి, ఆ లోటు పూడ్చడానికి సహాయక క్రియను కర్తకు ముందుకు తెచ్చారు. ఈ సౌకర్యం మామూలుగా మూడు మాటలకే ఉంది: ‘హ్యాడ్’, ‘వర్’, ‘షుడ్’. ‘హ్యాడ్ ఐ నోన్, ఐ వుడ్ హ్యావ్ కమ్’. ‘వర్ ఐ ఇన్ యువర్ పొజిషన్, ఐ వుడ్ రెఫ్యూజ్’. ‘షుడ్ యు నీడ్ హెల్ప్, ప్లీజ్ కాల్’. ‘వాజ్ ఐ ఇన్ యువర్ పొజిషన్’ అంటే అది నిజంగానే ప్రశ్న అయిపోతుంది. మాటల్లో ‘వర్’ స్థానాన్ని ‘వాజ్’ ఎంత ఆక్రమించినా, ఇక్కడ మాత్రం దానికి చోటు దొరకలేదు. వ్యతిరేకార్థంలో ‘నాట్’ కర్త తర్వాతే ఉండాలి: ‘హ్యాడ్ ఐ నాట్ నోన్’ అనాలి, ‘హాడంట్ ఐ నోన్’ అనకూడదు. ఇవి రాతకు, అధికారిక భాషకు చెందిన రూపాలు. మీ దరఖాస్తు చివర ‘షుడ్ యు రిక్వైర్ ఎనీ ఫర్దర్ డీటెయిల్స్, ఐ విల్ సెండ్ దెమ్’ అని నిస్సంకోచంగా రాయవచ్చు. అక్కడ కూడా రెండో భాగంలో ‘విల్’ ఉందని గమనించండి.